ఆమె చెవిలో నాలుగు ఆవర్తాలు

ఆ రికార్డులో వాన ఉంది. మా కార్ఖానా రేకుల మీద పడిన వాన మూడో పాట మొదట్లో, ఆరో పాట చివర్లో ఎవరికైనా వినిపిస్తుంది. అట్ట వెనకాల దానికి పేరు కూడా వేశారు. గిటారు కియోమి, యంత్రాలూ తాళమూ ఇబుకి, వాన నగాతా, అంటే మా పేట. బేస్ గిటార్ అన్న మాట మాత్రం ఆ అట్ట మీద ఎక్కడా కనిపించదు. కియోమి పక్కన నిలబడి ఇరవై ఏళ్ళకు పైగా ఆ బేస్ వాయించినవాణ్ణి నేను. కియోమి నా భార్య.

ఆదివారం మధ్యాహ్నాలు సన్నోమియా స్టేషన్ దగ్గర, మెట్లు దిగి వెళ్ళే ఒక కాఫీ హోటల్లో మేమిద్దరం వాయించేవాళ్ళం. జాజూ, డెబ్భైల నాటి ఫంకూ. వినేవాళ్ళు పదిమంది వస్తే పండగే. అందులోనూ ముగ్గురు పేపరు చదువుకోవడానికి వచ్చినవాళ్ళు. మిగతా వారమంతా ఆవిడ పిల్లలకి గిటారు పాఠాలు చెప్పేది, నేను బూట్ల కంపెనీల సరుకు బండి తోలేవాణ్ణి. మా ఇల్లు కోబేలోని నగాతాలో, ఒకప్పుడు మా నాన్న బూట్లు కుట్టించిన కార్ఖానా పైన. మిషన్లు అమ్మేశాక కింద గది మా సాధనకి మిగిలింది. అరల నిండా చెక్క పాదాల అచ్చులు అలాగే ఉన్నాయి, జిగురు వాసన కూడా ఇంకా పోలేదు.

వానాకాలం వచ్చేసిందని టీవీలో చెప్పిన రోజునే ఇబుకి మా గుమ్మంలోకి వచ్చాడు. ముప్ఫై దాటి ఏడాదో రెండేళ్ళో అయ్యుంటుంది. ఒసాకా డాన్సు హాళ్ళలో హౌస్ సంగీతం వాయించేవాడు. వాయించడమంటే తీగల మీద కాదు, ల్యాప్‌టాప్ మీద. డ్రమ్ము నాలుగు దెబ్బలూ ఒకే బరువుతో, ఒకే ఎడంతో పడుతూ పోతుంటాయి, వాటి మీద జనం గంటలకొద్దీ ఎగురుతారు. ఆ దరువు మీద కియోమి గిటారు పెట్టి ఒక ఆల్బమ్ చెయ్యాలని వాడి కోరిక.

"అక్కా, మీ గిటారు ఎక్కడా తొందరపడదు. మా మెషీన్లకి ఆ సుఖం తెలీదు," అన్నాడు గొడుగు మడుస్తూ. తర్వాత నావైపు తిరిగి నడుం వంచాడు. "గురువుగారూ, మీ బేసూ కావాలి. ముగ్గురం కలిసి చేద్దాం. ముగ్గురి పేర్లూ పక్కపక్కనే, మధ్యలో ఇంటూ గుర్తులు."

నన్ను గురువుగారూ అని పిలిచినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. అక్కడే పడిపోయాను.

ఆ సాయంత్రమే కొత్త తీగలు కొనుక్కొచ్చాను. వీధి చివర ఫుసా అత్త హోటలుంది. అత్త అంటే చుట్టరికమేమీ లేదు, వీధి మొత్తానికీ ఆవిడ అత్తే. డెబ్భై దాటినా పెనం ముందు నుంచి కదలదు. నూడుల్సూ అన్నమూ కలిపి ఇనప గరిటెలతో టకటకా నరికే సోబామెషికి ఆవిడే పెట్టింది పేరు. పెనం ముందు కూచోగానే విషయం చెప్పేశాను.

"రికార్డంటే తినేదా, తాగేదా?" అంది అత్త.

"వినేది అత్తా. అట్ట మీద నా పేరుంటుంది."

"ఏదీ అట్ట?"

"ఇంకా మొదలెట్టలేదు."

"ఇల్లలకగానే పండగ కాదురా తొకూ. ముందు అలుకు, తర్వాత చెప్పు." గరిటెతో నా వాటా నా ముందుకు తోసింది. "అయినా ఆ పిల్ల వాయిస్తుంటే పక్కన బుంగ్ బుంగ్ అంటావే, దానికి కూడా పేరేస్తారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వడానికి అప్పుడు నాకేం నొప్పి?

*

మొదటి రోజు సంగతి చెప్పాలి. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది, అంత సంతోషపడ్డాను.

పొద్దున్న పదింటికే ఇబుకి మైకులూ తీగలూ పరిచేశాడు. కియోమి గిటారుకి మైకు, నా బేస్‌కి నేరుగా తీగ. బయట వాన జోరుగా కురుస్తోంది. "రేకుల చప్పుడు పడుతుందేమో," అన్నాను. "పడనివ్వండి గురువుగారూ, బాగుంటుంది," అన్నాడు. ల్యాప్‌టాప్‌లోంచి డ్రమ్ము మొదలైంది. దబ్, దబ్, దబ్, దబ్. దానికి కోపం లేదు, ఆకలి లేదు, అలా పోతూనే ఉంటుంది. నేను రెండు స్వరాలు వేశాను. కిందిది కాస్త గట్టిగా, పైది వేలితో తాకీ తాకనట్టు. మళ్ళీ అవే రెండు, మధ్యలో ఒక చిన్న జారుడు. కియోమి వెంటనే అందుకోలేదు. కళ్ళు మూసుకుని నా బేస్ రెండు ఆవర్తాలు పోనిచ్చి, అప్పుడు వచ్చింది.

ఆవిడ వాయింపు గురించి ఒక్క మాట. కియోమి దెబ్బ తాళం మీద సరిగ్గా పడదు, వెంట్రుకవాసి వెనక పడుతుంది. తప్పు కాదది, అందమంతా అందులోనే ఉంది. నేను తలుపు తీసి పట్టుకుంటే ఆవిడ తీరిగ్గా చెప్పులు విప్పుకుని లోపలికి వస్తుంది. మా ఇద్దరి సంగీతమూ అంతే, మా కాపురమూ దాదాపు అంతే.

ఆ రోజు మేం ఆపలేదు. పావుగంటో ఇరవై నిమిషాలో తెలీదు. మధ్యలో నేను "హోయ్!" అని అరిచాను, పెళ్ళిలో తాగినవాడిలాగా. కియోమి పైకే నవ్వింది. గిటారు మీద వేళ్ళు ఆగలేదు. ఆపాక చూస్తే ఇబుకి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

"ఇందులోంచి ఏం తీస్తావ్ అబ్బాయ్?" అన్నాను చెమట తుడుచుకుంటూ.

"నాలుగు ఆవర్తాలు, గురువుగారూ."

"నాలుగేనా? మిగతాదంతా పచ్చడి పెడతావా?"

"ఆ నాలుగింటినే తిప్పుతాను. అదే మళ్ళీ, మళ్ళీ. మిగతాది లేకపోతే ఆ నాలుగూ పుట్టేవి కాదు కదా."

వాడి పని పద్ధతి అదే. మేం గంట వాయిస్తే బాగున్న ముక్క ఒకటి కోసి, దాన్ని గుండ్రంగా కుట్టేస్తాడు. వినగా వినగా అదో మత్తు. నాకూ ఎక్కింది. ఆ వారమంతా సరుకు బండి తోలుతూ స్టీరింగు మీద అవే రెండు స్వరాలు కొట్టుకున్నాను.

*

రెండో వారం ఒక మధ్యాహ్నం, అప్పటిదాకా చేసిందంతా వినిపిస్తానన్నాడు ఇబుకి. వాన కాసేపు తెరిపిచ్చింది. ఫుసా అత్త మూడు పొట్లాల సోబామెషి పట్టుకుని తడి చెప్పులతో లోపలికొచ్చి, బూట్ల అచ్చుల అర పక్కన పీట లాక్కుని కూచుంది. "ఏదీ, అంత గొప్పగా ఏం చేశారో వినిపించండి," అంది.

పాట మొదలైంది. అందులో డ్రమ్ముంది, కియోమి ఉంది, నేనున్నాను. దానికి తోడు వాడి మెషీన్లోంచి ఇంకో కింది స్వరం ఉంది, గుండ్రంగా, బరువుగా, ఎప్పుడూ ఒకే చోట. అత్త పొట్లాలు విప్పుతూ, చాప్‌స్టిక్స్ పంచుతూ వింటోంది. మొహంలో ఏమీ లేదు. ఇబుకి నొసలు చిట్లించి ఏవో మీటలు తిప్పాడు. నా బేస్ పెంచాడు, తగ్గించాడు.

"కింద ఇద్దరు ఒకే గుమ్మంలో ఇరుక్కుంటున్నట్టుంది," అని గొణిగాడు. "ఒక్క నిమిషం గురువుగారూ. ఊరికే చూద్దామని."

ఒక మీట నొక్కాడు. మీట పక్కన చిన్న ఎర్రదీపం వెలిగింది.

పాటలోంచి నేను పోయాను.

అత్త చేతిలో పొట్లం ఆగింది. తల ఊగడం మొదలైంది, ముందు తల, తర్వాత భుజాలు. కూచున్న పీట మీదే నడుం కదిలింది. "ఆఁ! ఇదిగో, ఇప్పుడు బాగుందిరా!" అంది నోటినిండా నవ్వుతూ. "ఇందాకటి దాకా ఏదో అడ్డమొచ్చినట్టుంది. ఏం చేశావ్ అబ్బాయ్?"

ఇబుకి కళ్ళు మీటల మీదే ఉన్నాయి. నేను కియోమి వైపు చూశాను. ఆవిడ గిటారు ఒళ్ళో పెట్టుకుని మూడో తీగ బిగిస్తోంది. ఆ తీగ సరిగ్గానే ఉందని నాకు తెలుసు, అప్పుడే శ్రుతి చేసింది. పాట అయ్యేదాకా ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను నేను కాదు. పాట నిజంగానే బాగుంది. నేను లేకుండా బాగుంది. నా కాలు కూడా కదిలింది, ఆ దిక్కుమాలిన కాలు.

సోబామెషి చల్లారకుండా తినేశాం. అత్త ఖాళీ పొట్లాలు పట్టుకుని వెళ్ళిపోయింది. తను ఏమన్నదీ ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

*

ఆ తర్వాత రెండు రోజులు నేను కిందికి దిగలేదు. బండి పనుందన్నాను, ఉంది కూడా. మూడో రోజు సాయంత్రం ఇబుకి మెట్లెక్కి పైకి వచ్చాడు. చేతిలో యోకాన్ పెట్టె. మా దగ్గర క్షమాపణ అడగడానికైనా, సాయం అడగడానికైనా పట్టుకెళ్ళేది ఆ మిఠాయే. పెట్టె ఎంత బరువుంటే కోరిక అంత పెద్దది. చేతిలోకి తీసుకోగానే నా మణికట్టు కిందికి వంగింది. ఏదో పెద్దదే అడగబోతున్నాడనుకున్నాను.

"గురువుగారూ, అక్క వాయింపు చచ్చిపోయింది."

"అంటే?"

"మీరు లేకుండా రెండు రోజులు రికార్డు చేశాం. డ్రమ్ము మీద సరిగ్గా పడుతోంది. ప్రతి దెబ్బా సరిగ్గా. ప్రార్థనకి వరసలో నిలబడ్డ బడిపిల్లలాగా." తల వంచుకున్నాడు. "మీ బేస్ వింటేనే అక్క వెనక్కి వాలుతుంది. మీరు ఆవిడ హెడ్‌ఫోన్స్‌లో వాయిస్తే చాలు. ఆవిడకొక్కదానికే వినపడేలా తీగ లాగుతాను."

"రికార్డు చెయ్యవు."

"చెయ్యను."

"అంటే నేను వాయించాలి. కానీ ఉండకూడదు."

వాడు చాప మీద నుదురు ఆనేదాకా వంగాడు. ఆ వంగడం చూస్తే ఎవడికైనా జాలేస్తుంది. నాకు మాత్రం పెట్టె వాడి నెత్తి మీద వెయ్యాలనిపించింది. వంటగది గడపలో కియోమి నిలబడి ఉంది.

"నువ్వేమంటావ్?" అన్నాను.

"వాయిస్తావా, తొకూ?" అంది. అలవాటు లేని మెత్తదనంతో అడిగింది.

కాదంటే ఆల్బమ్ ఆగిపోయేది, ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళకి వచ్చిన మొదటి ఆల్బమ్. అవునన్నాను. కూరలో కరివేపాకు సంగతి అందరికీ తెలుసు. తీసి పక్కన పెట్టేదాన్ని పోపులో వెయ్యడం మానరు కదా.

*

వానాకాలమంతా అలా గడిచింది. నా తీగల చప్పుడు ఆవిడ మైకులో పడకూడదని నన్ను చివరి అర వెనక కూచోబెట్టారు. చుట్టూ పాత కంబళ్ళు వేలాడదీశారు. నా ఎదురుగా చెక్క పాదాలు వరసగా ఉండేవి, అన్నీ ఎడమవే. కుడివి ఇంకో అరలో ఉన్నాయి. అక్కణ్ణించి కియోమి కనిపించదు, ఆవిడ గిటారు మాత్రం హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది. నేను వాయించింది తీగ వెంట ఆవిడ చెవిలోకి పోయేది. ఇంకెక్కడికీ పోయేది కాదు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్నం పెడుతుంది, తింటాను. బట్టలు లోపలే ఆరేసుకోవాల్సిన రోజులు, తడి చొక్కాల మధ్య ఒకరినొకరు తప్పించుకుని నడిచేవాళ్ళం. మాట్లాడుకున్నది ఆ తీగలోనే. నేనక్కడ బాగా తిట్టాను. స్వరాలు మార్చలేదు, అది చేస్తే ఇబుకికి తెలిసిపోతుంది. దెబ్బ బరువు మార్చాను. మెత్తగా పడాల్సిన చోట గట్టిగా వేశాను. జారుడు వెయ్యాల్సిన చోట కొట్టి వదిలేశాను. ఒక రోజు మొదటి స్వరం కావాలనే వెయ్యలేదు. తలుపు తియ్యలేదు. కియోమి ఆగింది. ఆగి, ఆగి, చివరికి ఒంటరిగా ఒక చిన్న తీగ మీటింది, చీకట్లో స్విచ్చి కోసం తడిమినట్టు.

"అబ్బ! అదేంటక్కా అది!" అని అవతల ఇబుకి కేక. "ఆ ఖాళీ ఉంచేస్తున్నా! అలాగే ఉంచేస్తున్నా!"

ఐదో పాటలో ఇప్పుడందరూ మెచ్చుకునే నిశ్శబ్దం అదే. అది నా పగ. పత్రికలో ఎవరో దాన్ని ధ్యానమని రాశారు.

ఆ మర్నాడు పొద్దున్నే కియోమి తడి తువ్వాళ్ళు తీగ మీద సర్దుతూ, నావైపు చూడకుండానే, "నిన్న కావాలనే చేశావ్," అంది.

"ఏం చేశాను? నేను రికార్డులో లేనుగా."

"నా చెవిలో ఉన్నావ్. రోజంతా తిడుతూనే ఉన్నావ్, నాకు తెలీదనుకుంటున్నావా?"

"అయితే ఒక్క మాట చెప్పు. వాడు ఆ మీట నొక్కినప్పుడు నీకెలా అనిపించింది?"

తువ్వాలు దులిపింది. "నిజం చెప్పనా?"

"చెప్పు."

"బాగుందనిపించింది. నీకూ అనిపించింది. నీ కాలు చూశాను."

ఆవిడ అబద్ధమాడి ఉంటే ఎంత బాగుండేదో. అబద్ధమాడే అలవాటు ఆ మనిషికి ఏనాడూ లేదు.

"అదే నా గిటారు తీసేసి, నీ బేస్ ఒక్కటే ఉంచితే బాగుందనుకో," అంది మళ్ళీ తనే. "నువ్వు తీసెయ్యనిచ్చేవాడివా?"

"ఇవ్వను. ఛస్తే ఇవ్వను. ఆ ఆల్బమే వద్దనేవాణ్ణి."

"అనేవాడివి," అంది. "నువ్వు అనేవాడివి, తొకూ. నేను అనలేదు. ఇరవై ఏళ్ళుగా పేపరు చదువుకునేవాళ్ళకి వాయించాను. ఒక్కసారి, ఒక్కసారి జనం లేచి ఎగిరితే చూడాలనుంది నాకు. అది తప్పయితే తప్పే."

కింద ఇబుకి తలుపు తోసిన చప్పుడైంది. ఆవిడ చేతులు తుడుచుకుని దిగిపోయింది. కాసేపాగి నేనూ దిగాను. కంబళ్ళ వెనకకి వెళ్ళి కూచుని బేస్ ఎత్తుకున్నాను. వెళ్ళకపోతే పోయేది నాకేమీ లేదు. కానీ ఆవిడ అక్కడ గిటారు పట్టుకుని, చెవిలో నేను లేకుండా, బడిపిల్లలా నిలబడుతుందని తలచుకుంటే కాళ్ళు ఆగలేదు. ప్రేమంటే ఇంత నామోషీగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

*

జూలైలో వాన వెళ్ళిపోయింది, కీచురాళ్ళు అందుకున్నాయి. ఆఖరి పాట పూర్తయింది. కంబళ్ళు తీసి మడతపెట్టాం. సెప్టెంబరు మొదట్లో రికార్డు వచ్చింది. ఇబుకి మొదటి ప్రతి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. అట్ట మీద రెండు పేర్లు, మధ్యలో ఒకే ఇంటూ గుర్తు. వెనకాల ఆ వాన పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు: ఫుసా అత్తకి సోబామెషి కోసం, తొకుజి గారికి అన్నిటి కోసం.

అన్నిటి కోసం అంటే దేనికోసమూ కాదు. అత్తది నయం, ఆవిడ వండిందేదో అందరికీ తెలిసేలా రాశారు.

అత్త ఆ అట్టని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెనం వెనక గోడకి తగిలించింది. వచ్చినవాళ్ళందరికీ గరిటెతో తన పేరు చూపించేది. "చూశావుట్రా తొకూ, ఒక్క స్వరం వాయించకుండా నీకంటే ముందెక్కాను!" అని నా వీపు మీద చరిచింది. ఆవిడ మనసులో ఏ మచ్చా లేదు.

రికార్డు నడిచింది. కియోమి కోరుకున్నట్టే నడిచింది. నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం ఒసాకాలో పెద్ద హాలు మాట్లాడారు. అక్కడ కూడా ఆవిడ చెవిలో నేనుండాలి కాబట్టి, తెర వెనకాల ఏ మూలో కూచుని వాయించాలని నా లెక్క. ఎవరూ అలా చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆవిడ సామాన్లు సర్దడానికి పొద్దున్నే వెళ్ళింది. నేను తర్వాత రైల్లో, బేస్ పెట్టె వీపున వేసుకుని, అత్తని వెంటబెట్టుకుని వెళ్ళాను. అత్త పండక్కి తీసే కిమోనో కట్టుకుంది.

వెనక గుమ్మంలో ఇబుకి నా వీపున ఉన్న పెట్టె చూశాడు. వాడి మొహం చూడగానే నాకు అర్థమైపోయింది.

"గురువుగారూ, మీకు శ్రమ ఎందుకని, దానికి ఏర్పాటు చేశాం..."

"ఏం ఏర్పాటు?"

వాడు కియోమి వైపు చూశాడు. ఆవిడ నల్ల చొక్కాలో, గిటారు భుజాన వేసుకుని సిద్ధంగా ఉంది. ఒక చెవిలో సన్నటి ఇయర్‌ఫోన్. అది తీసి నా అరచేతిలో పెట్టింది. చెవిలో పెట్టుకున్నాను.

రెండు స్వరాలు. కిందిది కాస్త గట్టిగా, పైది తాకీ తాకనట్టు. మధ్యలో చిన్న జారుడు. మళ్ళీ అవే. నాలుగు ఆవర్తాలు, చుట్టూ కుట్టేసి, ఆగకుండా తిరుగుతున్నాయి. నేరుగా తీగలోంచి తీసుకున్నది కాబట్టి అందులో వాన చప్పుడు కూడా లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను.

"మొదటి రోజుది," అన్నాను.

"మొదటి రోజుదే."

"జూలై దాకా వాయించానుగా. నేనిప్పుడు కూడా ఇక్కడే ఉన్నాను. చేతులున్నాయి, బేస్ ఉంది. వచ్చాను కూడా."

కియోమి నా చెయ్యి పట్టుకుంది. అందరి ముందూ అలా పట్టుకునే మనిషి కాదు.

"ఆ రోజు నువ్వు సంతోషంగా ఉన్నావ్, తొకూ," అంది. "తర్వాత నువ్వు ఏం వాయించినా నాకు తిట్లే వినిపిస్తున్నాయి. అవి చెవిలో పెట్టుకుని అంతమంది ముందు నిలబడలేను."

అవతల ఎవరో టైమైందని పిలిచారు. ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని చొక్కా అంచుకి తుడిచి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు ఆవర్తాలు పోనిచ్చింది. మొహం తేటపడింది. అప్పుడు కదిలింది.

జనం ఎగిరారు. అంతమంది, పడుచువాళ్ళు, ముసలివాళ్ళు, సూట్లేసుకున్నవాళ్ళు. కియోమి వెనక్కి వాలి వాయిస్తుంటే ఆ వాలు ఎక్కడిదో వాళ్ళకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఫుసా అత్త కిమోనో అంచు ఎత్తిపట్టుకుని నా పక్కనే గెంతుతోంది. "ఏరా, బొమ్మలా నిలబడ్డావేం? నీ పెళ్ళామేరా అది! ఆ పెట్టె కింద పెట్టి ఎగురు!" అని అరిచింది. పెట్టె దింపలేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాణ్ణి నేనే. వేదిక మీద కియోమి నవ్వుతోంది. ఆ కార్ఖానాలో మొదటి రోజు నవ్వినట్టే నవ్వుతోంది. ఆ నవ్వు ఆ రోజు వాయింపులో ఎక్కడ వచ్చిందో నాకు తెలుసు. అక్కడే నేను "హోయ్!" అని అరిచాను.

*

ఇప్పుడావిడ నెలలో సగం రోజులు ఇంట్లో ఉండదు. ఫుకువోకా, సప్పోరో, మొన్న సియోల్. ఆదివారం కాఫీ హోటల్ మానేశాం. మేం గొడవపడలేదు, విడిపోలేదు. ఊరెళ్ళేటప్పుడు ఫ్రిజ్‌లో నాకు కూరలు డబ్బాల్లో సర్ది పెడుతుంది. ఊళ్ళనుంచి ఫోన్ చేస్తుంది. వాయింపు ఎలా సాగిందంటే, "నువ్వు బాగా వాయించావ్," అంటుంది, నవ్వుతూ. ఆ నాలుగు ఆవర్తాల్లోని మంచివాడు ఆవిడ వెంట ఊళ్ళు తిరుగుతున్నాడు. వాడు అలగడు, విసుక్కోడు, ఎదురు మాట్లాడడు. మిగిలినవాణ్ణి నేను ఇక్కడ సరుకు బండి తోలుకుంటున్నాను.

మొన్న సియోల్ నుంచి ఆవిడ వచ్చే రోజు, కింద గదిలో ఒక్కణ్ణే కూచుని ఆ నాలుగు ఆవర్తాలు వాయిస్తున్నాను. అందులో కష్టమేమీ లేదు, నేర్చుకునే పిల్లాడైనా వారంలో పట్టేస్తాడు. స్వరాలన్నీ వస్తున్నాయి, జారుడూ వస్తోంది. మళ్ళీ మళ్ళీ వాయించాను. తలుపు తీసిన చప్పుడు నాకు వినపడలేదు. తలెత్తేసరికి కియోమి గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చెప్పు విప్పి, ఒకటి విప్పకుండా.

"ఎలా ఉంది?" అన్నాను.

ఆవిడకి అబద్ధమాడే అలవాటు లేదని చెప్పాను కదా. దగ్గరికొచ్చి పక్కన కూచుంది. ప్రయాణపు బట్టల్లోంచి ఆ ఇయర్‌ఫోన్ తీసింది. జుట్టు పక్కకి తోసి, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు వేళ్ళు సరిచేసినంత జాగ్రత్తగా, దాన్ని నా చెవిలో పెట్టింది.

"ఇలా వాయించేవాడివి," అంది.